తవ్వేది తుగ్గలిలో, తూచేది ఇబ్రహీంపట్నంలో

తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద గోల్డ్ లోన్ బోర్డులకు కొదవలేదు. వానలు మొదలై విత్తనాలకూ ఎరువులకూ పైసలు కావాల్సి వచ్చే రోజుల్లో అక్కడి కౌంటర్ల ముందు ఆడవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. చిన్న పర్సు విప్పి గొలుసు బల్ల మీద పెడతారు. నాణ్యత చూసే మనిషి దానితో గీటురాయి మీద ఒక్క గీత గీస్తాడు. మీద యాసిడ్ చుక్క వేసి రంగు చూస్తాడు. పూసల బరువు, రాళ్ల బరువు తీసేసి, మిగిలింది కాటా మీద పెడతాడు. కుదువ పెట్టే మనిషి చూపు ఆ కాటా అంకె మీంచి కదలదు. పాయింట్ తర్వాత రెండో అంకె దాకా ఆమెకు లెక్కే.

అదే సమయానికి బయట రోడ్డు మీద కంకర టిప్పరు దుమ్ము లేపుకుంటూ పోతుంది. అదీ నేలలోంచి తీసిన సరుకే. దాని మీద సర్కారుకు రావలసిన సీనరేజి రుసుము ఉంటుంది. ఆ టిప్పరులో ఎన్ని టన్నులున్నాయో, ఎన్ని టన్నులకు బిల్లు తీశారో గొలుసును చూసినంత శ్రద్ధగా చూసే కన్ను మాత్రం తక్కువ. బంగారు గనుల వల్ల దేశానికి ఎంత లాభమన్న చర్చలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. నగగా మారాక బంగారాన్ని మిల్లీగ్రాముల్లో తూస్తాం. రాయిగా ఉన్నప్పుడు టన్నుల్లో చెప్పుకుని మురిసిపోతాం.

టన్ను రాయిలో ఒకటిన్నర, రెండు గ్రాముల బంగారం ఉన్నా ఈ ధరల్లో ఓపెన్‌కాస్ట్ గని గిట్టుబాటవుతుంది. అంటే తులం (పది గ్రాముల) గొలుసు వెనక అయిదు నుంచి ఏడు టన్నుల రాయి ఉంటుంది. ఆ రాయిని పేల్చి, పిండి చేసి, సైనైడ్ ద్రావణంలో నానబెట్టి, బంగారం తీసుకున్నాక మిగిలిన బురదంతా ఊరి పక్కనే ఉండిపోతుంది. బంగారం మాత్రం సూట్‌కేసులో పట్టేంత. సరుకు ఇంత తేలిగ్గా వెళ్లిపోయి, చెత్త ఇంత బరువుగా మిగిలే పరిశ్రమలు అరుదు.

హైదరాబాద్ రాజ్యానికీ ఒక బంగారు గని ఉండేదన్న సంగతి ఇప్పుడు ఇటువైపు పెద్దగా గుర్తులేదు. రాయచూరు జిల్లాలోని హట్టి అది. 1902 నుంచి 1920 దాకా హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ తవ్వింది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ పేరుతో మళ్లీ మొదలైంది. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది, దాంతోపాటే గనీ పోయింది. గీతలు భాషను చూసి గీశారు, గనిని చూసి కాదు. నేడు దేశంలో గనుల నుంచి వచ్చే బంగారంలో సింహభాగం ఆ హట్టిదే, ఏడాదికి ఒకటిన్నర టన్ను అటూ ఇటూ. అది కర్ణాటక ప్రభుత్వ సంస్థ కాబట్టి రాయల్టీతో పాటు లాభంలో డివిడెండూ బెంగళూరు ఖజానాకే చేరుతుంది. అశోకుడి పేరును స్పష్టంగా చెప్పిన మస్కీ శాసనం ఆ ప్రాంతంలోనే 1915లో బయటపడింది. దాన్ని చూసినవాడు బంగారం జాడ వెతుక్కుంటూ తిరిగిన బీడన్ అనే ఇంజినీరు.

ఇక తెలుగు నేల మీద ఇప్పుడు అందరి చూపూ ఉన్నది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి మీద. మౌర్యుల సువర్ణగిరి ఇదేనని వాదించేవాళ్లున్నారు. పక్కనే ఎర్రగుడిలో అశోకుడి శాసనాలూ ఉన్నాయి. తొలకరి పడగానే చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వచ్చి ఈ చేలల్లో వంగి వంగి వజ్రాలు వెతుక్కుంటారు. రాయి దొరికితే వ్యాపారి అక్కడికే వచ్చి కొనుక్కుపోతాడు. పన్నుల మాట అక్కడ ఎవరూ ఎత్తరు. ఆ నేలలోనే జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీకి 2013లో దాదాపు 598 హెక్టార్ల గని లీజు దక్కింది. అందులో డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు పెద్ద వాటా ఉంది. పూర్తిస్థాయిలో నడిస్తే ఏడాదికి 750 కిలోలన్నది ఆ సంస్థ 2023లో చెప్పిన లక్ష్యం.

750 కిలోలు! వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ 2024-25లో మన దేశం దిగుమతి చేసుకున్న బంగారం సుమారు 757 టన్నులు. జొన్నగిరి ఏడాది పొడవునా తవ్వితే వచ్చేది దేశం తొమ్మిది గంటల్లో దిగుమతి చేసుకునేదానికి సమానం. అందుచేత ‘విదేశీ మారకం ఆదా’ అన్న మాటను పక్కన పెట్టడమే మర్యాద. గనిని దాని సొంత లెక్కల మీదే చూడాలి.

తులం ధర 2025లో లక్ష దాటింది. లెక్క సులువుగా ఉండేందుకు గుండ్రంగా లక్షే అనుకుందాం. 750 కిలోల విలువ 750 కోట్ల రూపాయలు. బంగారం మీద రాయల్టీ 4 శాతం. అదీ అమ్మిన ధర మీద కాదు, తవ్విన ఖనిజంలో ఉన్న లోహానికి లండన్ మార్కెట్ ధర కట్టి వేస్తారు. అంటే రాష్ట్రానికి 30 కోట్లు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు అదనంగా కట్టాలి. అది 9 కోట్లు. కంపెనీకి లాభం వస్తే ఆదాయపు పన్ను కేంద్రానికి. మొదటి ఏళ్లలో యంత్రాల తరుగుదల, పాత నష్టాలు పోను ఆ పన్ను ఎంత తేలుతుందో ముందే లెక్కపెట్టుకోవడం అత్యాశ.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం నగల దుకాణానికి వద్దాం. తులం బంగారం మీద 3 శాతం జీఎస్టీ, అంటే మూడు వేలు. అందులో సగం తెలంగాణది. రాష్ట్రం మొత్తం మీద రెండు టన్నుల బంగారం అమ్ముడైతే చాలు, ఈ సగం వాటా 30 కోట్లవుతుంది. జొన్నగిరి ఏడాదంతా కొండ తొలిచి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చే రాయల్టీ అంతే. గుంత తవ్వకుండా, సైనైడ్ వాసన లేకుండా, దుకాణం బిల్లు మీద వచ్చే సొమ్ము ఇది. కేంద్రం సంగతి ఇంకా వేరు. 2024 జూలైలో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినా 750 టన్నుల మీద అది 45 వేల కోట్ల పద్దు. ఆ ఆరు శాతంలో ఒక శాతం వ్యవసాయ సెస్సు. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. బంగారం మీద బతికే ఖజానాల్లో గని ఉన్న రాష్ట్రానిది చిట్టచివరి వరుస.

మరి గనులు దండగేనా? కాదు. పన్నుల చిట్టాలో కనిపించని లాభం ఒకటుంది. దానికి కోలారు కంటే పెద్ద సాక్ష్యం లేదు.

1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారులో దిగింది. నూట ఇరవై ఏళ్లలో అక్కడి నుంచి దాదాపు 800 టన్నుల బంగారం వెళ్లిపోయింది. చిత్తూరు జిల్లా తెలుగువాళ్లు, ఆర్కాటు తమిళులు వేల సంఖ్యలో వెళ్లి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. కంపెనీ లాభాలు లండన్‌కు పోయాయి, మైసూరు సంస్థానానికి రాయల్టీ దక్కింది. అయితే సంస్థానానికి అంతకంటే విలువైనది ఇంకోటి దక్కింది. గనుల యంత్రాలు నడవాలంటే కరెంటు కావాలి. కొనేవాడు ఖాయంగా ఉన్నాడు కాబట్టి కావేరి మీద శివనసముద్రంలో మైసూరు ప్రభుత్వం జలవిద్యుత్ కేంద్రం కట్టింది. 1902లో అక్కడి నుంచి దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి కోలారుకు కరెంటు ఇచ్చారు. ఆ మిగులు కరెంటే 1905లో బెంగళూరు వీధి దీపాల్లో వెలిగింది. బంగారం పోయింది, శివనసముద్రం మిగిలింది. వెనకబడిన ప్రాంతానికి గని నిజంగా ఇవ్వగలిగేది ఇలాంటిదే: రోడ్డు, కరెంటు, నీటి పైపు, చేతిపని నేర్చిన కుర్రాళ్లు. గని ఖర్చులో పెద్ద భాగం జీతాలకూ, సరఫరాదారులకూ పోతుంది. ఆ సరఫరాదారులు జొన్నగిరి దగ్గరి పత్తికొండలో ఉంటారా, చెన్నైలో ఉంటారా అన్నది రాయల్టీ శాతం కంటే ముఖ్యమైన ప్రశ్న.

కోలారుకు రెండో ముఖమూ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను చేతిలోకి తీసుకున్నాయి. లోతు పెరిగింది, రాయిలో బంగారం తగ్గింది. గ్రాము తీయడానికయ్యే ఖర్చు అమ్మే ధరను దాటింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. బెంగళూరుకు ముందే కరెంటు చూసిన ఊరి జనం ఇప్పుడు తెల్లవారక ముందే మారికుప్పంలో రైలెక్కి కూలికీ, సెక్యూరిటీ గార్డు పనులకూ అదే బెంగళూరుకు పోతారు. ఊళ్లో సైనైడ్ దిబ్బలు గుట్టల్లా నిలబడి ఉన్నాయి. గాలి వీస్తే ఆ బూడిదరంగు పొడి ఇళ్లలోకి వస్తుంది. చిత్తూరు జిల్లాలో కోలారు గనుల సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన చిగురుకుంట, బిసానత్తం గనులూ ఆ దెబ్బకే మూతపడ్డాయి. వాటిని మళ్లీ తెరిచేందుకు వేలంలో ఎన్‌ఎండీసీ గెలిచి ఏళ్లవుతోంది.

వేలం అనగానే మరో ముచ్చట. 2015 తర్వాత గని కావాలంటే రాయల్టీకి తోడు అదనంగా ఇంత శాతం ఇస్తానని పాడాలి. దేశంలో తొలిసారి వేలానికి వచ్చిన బంగారు గని ఛత్తీస్‌గఢ్‌లోని బాఘ్‌మారా. 2016లో వేదాంతా 12.55 శాతానికి పాడింది. రాయల్టీకి మూడింతలు! కాగితం మీద రాష్ట్రానికి పండగే. కానీ ఏళ్లు గడిచినా అక్కడ బంగారం బయటికి రాలేదు. రాని బంగారం మీద 12 శాతమైనా సున్నా, 50 శాతమైనా సున్నా. ఎక్కువ పాటకు మురిసిపోయే అధికారులు ఆ సంగతి మరిచిపోతుంటారు.

గని రాబడి కోసం ప్రభుత్వాలకూ కంపెనీలకూ మధ్య పోరు ఆఫ్రికాలో ఇంకా ముదిరింది. కంపెనీలు ఏళ్ల తరబడి కార్పొరేట్ పన్ను ఎగ్గొడుతున్నాయన్న కోపంతో టాంజానియా 2017లో ఖనిజ కాన్సన్‌ట్రేట్ ఎగుమతిని ఆపేసింది. రాయల్టీని 4 నుంచి 6 శాతానికి పెంచింది. అకేసియా మైనింగ్‌కు ఏకంగా 190 బిలియన్ డాలర్ల పన్ను నోటీసు పంపింది. అది ఆ దేశ ఆర్థిక వ్యవస్థకు కొన్ని రెట్లు, వసూలయ్యే సొమ్మని ఎవరూ నమ్మలేదు. చివరికి అకేసియా మాతృ సంస్థ బారిక్‌తో 30 కోట్ల డాలర్లకు రాజీ పడింది. గనుల్లో ప్రభుత్వానికి 16 శాతం వాటా, లాభాల్లో సగం పంపకం దక్కాయి. నోటీసు అంకె నవ్వు తెప్పించేదే అయినా దానివల్ల కుదిరిన ఒప్పందం మాత్రం నవ్వులాట కాదు. కంపెనీ లాభం లేదని రాసుకున్న ఏడాదీ సంస్థలో కూర్చుని లెక్కల పుస్తకం తెరిచి చూసే హక్కు ప్రభుత్వానికి వచ్చింది.

ప్రైవేటు గనుల్లో మన రాష్ట్రాలకు అలాంటి వాటా లేదు గానీ, 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తలుపు తెరిచింది. రాయల్టీ అనేది పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుంది అని 8-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. దాన్ని పరిమితం చేసే అధికారం పార్లమెంటుకు ఉండనే ఉంది. ఆ లోపు ఈ పన్నును రాష్ట్ర ఖజానాలో కలిపేసుకుంటే తెలివితక్కువ పనే అవుతుంది. జొన్నగిరికి కావలసింది వేరే.

గని మూసేటప్పుడు నేలను బాగుచేస్తామని కంపెనీలు ముందే ఆర్థిక హామీ ఇవ్వాలి. పెద్ద గనులకు 2021 నుంచి హెక్టారుకు 5 లక్షలు. అదీ వాడకంలోకి వచ్చిన నేలకే. జొన్నగిరిలో లీజు నేలంతా వాడేశారనుకున్నా హామీ 30 కోట్లు దాటదు. అంటే ఒక ఏడాది రాయల్టీ అంత. కోలారు దిబ్బలను చూసినవాళ్లెవరూ దాన్ని సరిపోయే మొత్తమని అనరు. సుప్రీంకోర్టు ఇచ్చిన అధికారంతో తులానికి వెయ్యి రూపాయలు, అంటే ఒక శాతం, గని మూసివేత నిధి కింద ఆంధ్రప్రదేశ్ వసూలు చేసి విడిగా దాచవచ్చు. ఏడాదికి ఏడున్నర కోట్లు. గని పదిహేనేళ్లు నడిస్తే వడ్డీ కాక 112 కోట్లు. జిల్లా ఖనిజ ఫౌండేషన్ 9 కోట్లలో జొన్నగిరికెంత, ఎర్రగుడికెంత, పగిడిరాయికెంత అన్నది ఏటా ఆయా పంచాయతీ గోడల మీద రాయించవచ్చు. తాగునీటికి, వైద్యానికి, బడికి ముందు పెట్టాలని ఆ నిధి నిబంధనల్లోనే ఉంది.

వెయ్యి రూపాయలు కంపెనీకి భారమంటారా? సాగర్ రోడ్డు దుకాణంలో అదే తులం కొనే మనిషి బిల్లు మీద ఇప్పటికే మూడు వేలు కడుతోంది. అందులో తుగ్గలికి చేరేది ఒక్క రూపాయీ లేదు.