మదనపల్లెలో ఒక సాయంత్రం

మొన్న తరగతిలో మా ఎర్రమంచి పిల్లల్ని, "జనగణమనను ఠాగూరు ఇంగ్లీషులోకి యెక్కడ కూర్చుని మార్చాడో చెప్పండి" అని అడిగాను. కలకత్తా అన్నాడొకడు. లండను అన్నాడింకొకడు. కదిరి దాటి వెళితే వచ్చే మన మదనపల్లె అంటే నమ్మరే!

అనిబిసెంటమ్మ పూనికతో 1915లో అక్కడ వెలసిందే బి.టి. కళాశాల. దాని ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఐర్లండు కవి. 1919 ఫిబ్రవరిలో, ప్రయాణాలతో డస్సిపోయిన ఠాగూరు ఆయన దగ్గర విశ్రాంతికి దిగాడు. విశ్రాంతి యెక్కడిది లెండి! ఆ కళాశాలలో పిల్లలూ పంతుళ్లూ సాయంత్రం కూడి పాడుకొనే అలవాటున్నది. ఠాగూరు కూడా ఆ కూటానికి వెళ్లి, 1911లో కలకత్తా కాంగ్రెసులో వినిపించిన తన పాట పాడాడు. పిల్లలు గొంతు కలిపారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ దానికి స్వరం రాసింది. ఫిబ్రవరి 28న మహాకవి స్వయంగా ఇంగ్లీషు అనువాదం రాసి ఇచ్చాడు. 1950 జనవరి 24న ఆ పాటే జాతీయగీతమయింది.

ఠాగూరు రావడం ఆ ఊరి అదృష్టమనుకొందాం. మరి ఆ కూటమో? అది వాళ్లు చేసుకొన్న అలవాటే గదా!

మా ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. సంతోషమే. కాని మా కళాశాలలో సాయంత్రం గంట కొట్టగానే పిల్లలొక బస్సు, నేనొక బస్సు.

"శనివారం మనమూ పాడుకొందామా సార్?" అన్నదొక పిల్ల.

నా చూపు అలవాటుగా గడియారం మీదికి పోయింది.