పుట్టినరోజు మర్నాడే అసలు జాగ్రత్త

బుగ్గల అలంకరణ ముచ్చటే... కింద పడ్డ ముక్కల సంగతి ఎవరు చూస్తున్నారు?

మొన్నీమధ్య జనగామలో ఒక పుట్టినరోజుకు వెళ్లాను. చిన్న ఫంక్షన్ హాలు. గుమ్మం నుంచి స్టేజీ దాకా బుగ్గల ఆర్చి. స్టేజీ మీద నిలువెత్తు ఛోటా భీమ్, పక్కన చుట్కీ, రాజు. బాబు పేరులో ఒక్కో అక్షరానికి ఒక్కో బంగారు రంగు ఫాయిల్ బెలూన్. మూడేళ్ల ఆ బాబు కళ్లు ఇంత చేసుకుని చూస్తుంటే ఎవరికైనా ముచ్చటే. నాకూ ముచ్చటేసింది.

కానీ వృత్తి అలవాటు. అందరూ పైకి చూస్తుంటే నేను కిందికి చూశాను. కార్పెట్ మీద పగిలిన బుగ్గల ముక్కలు, ఎరుపూ పసుపూ. ఏడాది నిండని పాప ఒకతి పాక్కుంటూ అటే పోతోంది. నేను వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. ‘మీరెందుకు సార్, హాలోళ్లు ఊడుస్తరు’ అన్నారు పక్కనున్నవాళ్లు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఆ మాటకు జవాబే ఈ వ్యాసం.

డెకరేషన్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒకప్పుడు మామిడి తోరణం, తలంటు, హారతి, పాయసంతో అయిపోయిన పండుగకు ఇప్పుడు డోరేమాన్, స్పైడర్‌మ్యాన్, ఎల్సా కూడా వస్తున్నారు. రానివ్వండి. నేను అడిగేది ఒక్కటే. తెచ్చేటప్పుడు పెట్టిన శ్రద్ధలో సగం తీసేసేటప్పుడు పెట్టండి.

ఇద్దరు పిల్లలు

కొన్నేళ్ల కిందటి మాట. భూపాలపల్లి వైపు నుంచి ఒక నాలుగేళ్ల పాపను తీసుకొచ్చారు. పుట్టినరోజు ముందు రోజే అయిపోయింది. పొద్దున్నే పెద్దవాళ్లు పనుల్లో పడ్డారు. పాపకు దివాన్ కింద పగిలిన బుగ్గ ముక్క దొరికింది. దాన్ని పెదాల మీద సాగదీసి, లోపలికి పీల్చి చిన్న బుడగ చేయబోయింది. మనమంతా చిన్నప్పుడు చేసిన పనే. ఆ బుడగను పక్కవాడి నుదుటి మీద టప్పున పగలగొట్టి నవ్వినవాళ్లమే. పాపకు మాత్రం ఆ ముక్క గొంతులోకి జారింది.

పక్కింటాయన గనిలో పనిచేస్తాడు. ఉద్యోగంలో ప్రథమ చికిత్స శిక్షణ తీసుకున్న మనిషి. పాపను ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచాడు. నాలుగో దెబ్బకు ముక్క బయటపడింది. మా దగ్గరికి వచ్చేసరికి పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. అలాంటప్పుడు డాక్టరు చెవికి అంతకంటే మంచి చప్పుడు ఉండదు.

మరో బాబు విషయంలో అలా జరగలేదు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చారు. దారిలోనే ఇరవై నిమిషాలు పోయాయి. మేం చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆ తల్లి నన్ను అడిగింది ఒక్క మాటే. ‘బుగ్గనే కద సార్?’

గింజ వేరు, రబ్బరు ముక్క వేరు

పల్లీ గింజో, చింతగింజో అడ్డం పడితే పక్క నుంచి కొంతైనా గాలి ఆడే అవకాశం ఉంటుంది. రబ్బరు ముక్క అలా కాదు. తడిగా ఉండే శ్వాసనాళానికి తగ్గట్టు ఒదిగి అతుక్కుపోతుంది. బిడ్డ ఊపిరి కోసం పీల్చేకొద్దీ ఇంకా బిగుస్తుంది. వేలు పెట్టి తీయబోతే జారి లోపలికి పోతుంది. ఊదని బుగ్గా అంతే ప్రమాదం. ఊదుతూ మధ్యలో నవ్వినా, ఊపిరి పీల్చినా అది నోట్లోకి పోవచ్చు.

అమెరికాలో 1972 నుంచి 1992 వరకు ఆహారం కాని వస్తువులు గొంతుకు అడ్డంపడి చనిపోయిన 449 మంది పిల్లల వివరాలను అక్కడి వైద్యులు పరిశీలించి 1995లో ప్రచురించారు. వాటిలో 29 శాతం మరణాలకు కారణం బెలూన్లే. అంటే పది మందిలో దాదాపు ముగ్గురు. రబ్బరు బుగ్గల ప్యాకెట్ మీద ‘ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రమాదం’ అన్న హెచ్చరిక ఉండాలని ఆ దేశం 1994లో చట్టమే చేసింది. మన దగ్గర డెకరేషన్ వాళ్లు ప్యాకెట్ చించి పారేసి ఊదిన బుగ్గలనే తెస్తారు. దాని మీద ఏం రాసి ఉన్నా మన కంటబడదు.

ఆసుపత్రి కంటే ముందు మీరే

ఈ మూడు పట్టణాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. అంతకుముందు ఏ పెద్ద కష్టం వచ్చినా సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని వరంగల్ ఎంజీఎంకు పరుగు తీయాల్సిందే. ఇది మంచి మార్పు. కానీ ఊపిరి పూర్తిగా ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంతలో 108 కూడా మీ గుమ్మం ముందుకు రాకపోవచ్చు. అందుకే ఇది ఇంట్లో ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, మాట రాక, ఏడుపు రాక, ముఖం నీలంగా మారుతుంటే ఆలస్యం వద్దు. ఒకరు 108కు ఫోన్ చేయండి, ఒకరు పని మొదలుపెట్టండి.

ఏడాది దాటిన పిల్లలైతే ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచండి. ముక్క రాకపోతే వెనుక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కండి. ముక్క వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయండి.

ఏడాదిలోపు పసిబిడ్డకు పొట్ట నొక్కకూడదు. మీ ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు వేయండి. తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కండి.

బిడ్డ స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టండి. నోట్లో ముక్క కంటికి కనిపిస్తేనే తీయండి, కనిపించకుండా వేలు పెట్టి వెతకొద్దు. నీళ్లు తాగించొద్దు. ముక్క వచ్చేసినా ఒకసారి డాక్టరుకు చూపించండి.

గ్యాస్ బుగ్గలు ఇంట్లోకి వద్దు

పైకి ఎగిరే బుగ్గల్లో ఉండాల్సింది హీలియం. అది మండదు. కానీ ఖరీదు ఎక్కువ. అందుకే చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు. నిప్పు తగిలితే అది భగ్గుమంటుంది. కేకు మీద కొవ్వొత్తి, తల మీద హైడ్రోజన్ బుగ్గల గుత్తి, చుట్టూ పిల్లలు. ఒక్కసారి ఊహించుకోండి. 2023లో బెంగళూరులో ఒక పుట్టినరోజు వేడుకలో ఇలాంటి బుగ్గలు కరెంటు తీగలకు తగిలి పేలడంతో పిల్లలకు కాలిన గాయాలయ్యాయి. 2019లో ఢాకాలో బుగ్గలకు గ్యాస్ నింపే సిలిండర్ పేలి, చుట్టూ మూగిన పిల్లలు చనిపోయారు. ఫాయిల్ బెలూన్లకు లోహపు పూత ఉంటుంది కాబట్టి తీగల దగ్గర అవీ ప్రమాదమే. హీలియం పీల్చి గొంతు మార్చే సరదా కూడా వద్దు, ఆక్సిజన్ అందక పడిపోతారు. కొవ్వొత్తి వెలుగుతుండగా స్నో స్ప్రే కొట్టనివ్వకండి, ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది మండే వాయువే.

ఇవి చేస్తే చాలు

- చిన్నపిల్లలకు అందే ఎత్తులో కాగితపు పూలు, గుడ్డ తోరణాలు, అట్ట బొమ్మలు పెట్టండి. రబ్బరు బుగ్గలు పైన ఉంచండి.
- ఎనిమిదేళ్లలోపు పిల్లలతో బుగ్గలు ఊదించొద్దు. పెద్దలే పంపుతో నింపండి.
- బుగ్గ పగిలిన చప్పుడు వినగానే ముక్కలు ఏరే పని ఒకరికి అప్పగించండి.
- వచ్చిన పిల్లలకు ఇంటికి బుగ్గలు ఇచ్చి పంపకండి. పెన్సిలో, బొమ్మల పుస్తకమో ఇవ్వండి.
- రబ్బరు తగిలితే పెదాలు వాచే, దురద పెట్టే పిల్లలు ఉన్నారేమో ముందే అడగండి.
- ఆ రాత్రే అన్నీ తీసేయండి. మంచం కింద, సోఫా కింద ఊడ్చాకే పడుకోండి.

డెకరేషన్ వాళ్లకు నాదో విన్నపం. స్టాండు, తెర, లైట్లు జాగ్రత్తగా విప్పుకుని వెళతారు. బుగ్గలు మాత్రం వదిలేస్తారు. అవి కూడా తీసుకెళ్లడం మీ పనిలో భాగం చేసుకోండి. తల్లిదండ్రులూ, బేరం ఆడేటప్పుడే ఆ మాట అడగండి. అధికారులు ప్యాకెట్ల మీద తెలుగులో హెచ్చరిక ఉండేలా చూడాలి.

‘బుగ్గనే కద సార్’ అన్న ఆ తల్లికి నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు ముందే ఎవరూ చెప్పలేదు. మీకు ఇప్పుడు తెలిసింది. వచ్చే పుట్టినరోజుకు వెళ్లినప్పుడు ఒకసారి కిందికి చూడండి. ముక్క కనబడితే వంగి తీయండి.

(వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ)