ఆమె పిల్లలు ఏమయ్యారు?



కొన్ని సంవత్సరముల క్రితము ఒక యౌవనస్థుల కూటములో మేము సింథియా ఆన్ పార్కర్ కథ చెప్పాము. అమెరికాలోని టెక్సాస్‌లో తొమ్మిదేండ్ల పిల్లను కొమాంచీ అను ఆదివాసులు ఎత్తుకొనిపోయారు, ఇరవై నాలుగు సంవత్సరములకు రేంజర్లు ఆమెను పట్టి తెచ్చి స్వజనులకు అప్పగించారు అని చెప్పి, తప్పిపోయినది దొరికినదని సంతోషముగా ముగించాము. వెనుక వరుసలోనుండి ఒక సహోదరి లేచి, "అయ్యగారూ, అన్నేండ్లు అక్కడ ఉన్నదంటే ఆమెకు పెండ్లి కాలేదా? పిల్లలు లేరా? వాళ్ళు ఏమయ్యారు?" అని అడిగింది. సమయము మించిపోయినదని చెప్పి ప్రార్థనతో కూటము ముగించాము. నిజమేమనగా, పిల్లల సంగతి మేము చదివియే ఉన్నాము. కథకు అడ్డము వచ్చుచున్నదని దాటవేశాము.

ఆ జవాబు ఈ మాసము వ్రాయుచున్నాము.

పార్కర్లు బాప్టిస్టు కుటుంబము. సింథియా పెదనాన్న డానియేలు పార్కర్ బోధకుడు. ఆ దినములలో టెక్సాస్ మెక్సికో దేశము క్రింద ఉండెను. అక్కడ ప్రొటెస్టెంటు సంఘము స్థాపించుటకు చట్టము ఒప్పుకొనదు గనుక, ఆయన 1833లో ఇల్లినాయిలోనే సంఘమును ఏర్పరచి, సంఘమును సంఘముగానే బండ్లమీద టెక్సాస్‌కు తోలుకొనివచ్చాడు! మిగిలిన బంధువులు నవసోటా నది ప్రాంతములో కర్ర దుంగలు పాతి కోట కట్టుకొన్నారు. అది కొమాంచీలు వేటాడుకొను నేలకు అంచు. 1836 మే 19న కొమాంచీలు, వారితోకూడ ఇతర తెగలవారు ఆ కోటమీద పడ్డారు. సింథియా తండ్రి సైలాస్, తాత జాన్‌తో సహా ఐదుగురు పురుషులు హతులయ్యారు. సింథియా, ఆమె తమ్ముడు జాన్, మరి ముగ్గురు చెరపట్టబడ్డారు.

ఆ చెరను మేము తీపిచేసి చెప్పము. ఆమెతోకూడ పట్టబడిన రేచెల్ ప్లమ్మర్ విడుదలైన తరువాత 1838లో తన బాధలను పుస్తకముగా ప్రచురించింది. చెరలో పుట్టిన తన పసిబిడ్డను తన కన్నుల ఎదుటనే చంపారని వ్రాసింది. మరుసటి సంవత్సరమే ఆమె మరణించింది.

సింథియా సంగతి వేరు. చిన్నపిల్ల గనుక ఒక కొమాంచీ కుటుంబము ఆమెను కూతురిగా పెంచుకొన్నది. వారు పెట్టిన పేరు నదువా. ‘దొరికినది’ అని దానికి అర్థము చెబుతారు. అడవిదున్నల తోళ్ళు చదును చేయుట, గుడారములు విప్పి కట్టుట, మంద వెంబడి వలసపోవుట, ఇదే ఆమె బ్రతుకు. ఇంగ్లీషు మరచిపోయింది. పీటా నొకోనా అను నాయకుని పెండ్లాడి క్వానా, పెకోస్ అను ఇద్దరు కుమారులను, టోప్సానా అను కుమార్తెను కన్నది. 1846లో ప్రభుత్వ ప్రతినిధులు ఆమెను విడిపింపజూడగా, ఆమెకు రావలెనని ఇష్టము లేదని తెలిసికొని ఆ మాటయే పైవారికి వ్రాసి పంపారు.

1860 డిసెంబరులో పీజ్ నది యొద్ద సల్ రాస్ నాయకత్వములో రేంజర్లు ఆమె గుడారములమీద పడ్డారు. అక్కడ చచ్చినవారిలో స్త్రీలు ఎక్కువ. చంటిబిడ్డతో గుఱ్ఱముమీద పారిపోవుచున్న స్త్రీ కన్నులు నీలముగా ఉండుట చూచి ఆమెను చంపక పట్టుకొన్నారు. పెదనాన్న ఐజాక్ పార్కర్ వచ్చి సింథియా ఆన్ అను పేరు పలుకగా, ఆమె రొమ్ము తట్టుకొని అది తన పేరే అన్నదట. కుమారులిద్దరు ఆ దినమున అక్కడ లేరు. వారు బ్రతికి ఉన్నారో లేదో ఆమెకు తెలియదు.

1861లో టెక్సాస్ శాసనసభ ఆమెకు 4,400 ఎకరములకు పైగా భూమిని, ఐదేండ్లపాటు ఏటా వంద డాలర్ల పింఛనును మంజూరు చేసి, ఇద్దరు బంధువులను సంరక్షకులుగా నియమించింది. ముప్పది దాటిన తల్లికి సంరక్షకులు! ఆ కాలపు ఫోటో ఒకటి ఉన్నది. బిడ్డకు పాలిచ్చుచున్నది, జుట్టు కురచగా కత్తిరించి ఉన్నది. కొమాంచీ స్త్రీలు చనిపోయినవారికొరకు అలా కత్తిరించుకొంటారు. బంధువులు చెడ్డవారు కారు. ఆమె కొరకు ఎంతో కాలము వెదకినవారు. బట్టలిచ్చారు, కుట్టుపని, నేతపని నేర్పారు. ఆమె మరల మరల పారిపోజూచింది. ప్రతిసారి పట్టి తెచ్చారు. మోయాబుకు తిరిగి పొమ్మని రూతుతో నయోమి పలుమారులు చెప్పినది. వెళ్ళుటకైనను ఉండుటకైనను ఆ కోడలికి దారి తెరచియే ఉండెను. ఈమెకు ఏ దారి తెరిచారు?

1864 ప్రాంతములో చిన్నారి టోప్సానా జబ్బుచేసి మరణించింది. తల్లి 1870-71 ప్రాంతములో, కుమారులను మరల చూడకయే కన్నుమూసింది.

సహోదరీ, పెకోస్ చిన్న వయస్సులోనే చనిపోయాడు. క్వానా పెరిగి నాయకుడై, చివరి వరకు పోరాడి, 1875లో ఫోర్ట్ సిల్ యొద్ద తనవారితో లొంగిపోయాడు. తరువాత తల్లి ఇంటిపేరు పెట్టుకొని క్వానా పార్కర్ అయ్యాడు. ఆమె ఫోటో సంపాదించి, దానినిబట్టి చేయించిన పటమును తన ఇంటిలో ఉంచుకొన్నాడు. ఆయన మన విశ్వాసములోనికి రాలేదు. పెయోటీ ఆరాధన ఆయన మార్గము. అయినను తల్లి సమాధికొరకు వెదకించి, 1910లో ఆమె ఎముకలను టెక్సాస్‌నుండి ఓక్లహోమాకు తెప్పించి, పోస్ట్ ఓక్ అను క్రైస్తవ మిషను స్మశానములో పాతిపెట్టించాడు. మూడు నెలలైనా నిండకముందే, 1911 ఫిబ్రవరి 23న మరణించాడు. ఆయనను తల్లి ప్రక్కనే పెట్టారు. 1957లో ఇద్దరినీ ఫోర్ట్ సిల్‌కు మార్చారు. ఎనిమిదేండ్ల తరువాత టోప్సానాను కూడ అక్కడికే తెచ్చారు.