పిల్లల ఎదుగుదల తెలిసిన కౌన్సిలర్ కావాలి

విశాఖపట్నంలో పోటీ పరీక్షకు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్, మనస్తత్వ నిపుణుడు లేదా సామాజిక కార్యకర్త ఒకరైనా ఉండాలనీ, చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలనీ ఆదేశించింది. మన రాష్ట్రపు కేసులో వచ్చిన తీర్పు కనుక అమలులో మన రాష్ట్రమే ముందుండాలని మేము కోరుతున్నాము.

అయితే నియామకంతోనే పని తీరదు. ఏ వయసు పిల్లవాని మనసు ఏ ప్రశ్నతో పెనుగులాడుతుందో ఎరుగని కౌన్సిలర్ నీతిబోధ చేయగలడే గాని, దారి చూపలేడు. మానవ వికాస సిద్ధాంతాల విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన గ్రంథంలో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించాడు. బడి ఈడు తొలి ఏళ్లలో పిల్లవానికి కావలసినది ‘నేను చేయగలను’ అనే నమ్మకం. అది దొరకకుంటే న్యూనతాభావం మిగులుతుంది. కౌమారంలో ఎదురయ్యే ప్రశ్న ‘నేనెవరిని?’ ఎరిక్సన్‌కు ఇది పుస్తకాలలో దొరికిన ప్రశ్న కాదు. యూదు ఇంట పెరిగిన ఆయనను బడిలో యూదుడని ఎగతాళి చేశారు. యూదుల ప్రార్థనా మందిరంలో రూపురేఖలు చూసి పరాయివాడన్నారు. అల్పసంఖ్యాక వర్గాల తల్లిదండ్రులకు ఈ బాధను విడమరచి చెప్పనక్కరలేదు.

యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో మరొక సంగతి చెప్పాడు. పిల్లవాడు ఒంటరిగా ఎదగడు. ఇల్లు, బడి, ఆ రెంటి నడుమ సంబంధం, తండ్రి పని, సమాజపు ఆచారాలు, ప్రభుత్వ విధానాలు అతని చుట్టూ వలయాలుగా ఉంటాయి. పెన్నా ఒడ్డున ఉన్న మా సంగం వంటి ఊళ్లకు ఈ చూపు మరింత అవసరం. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు వినే పిల్లవాడు తరగతిలో మౌనంగా ఉంటే అది మందబుద్ధి కాదు. తండ్రికి పని లేని రోజు బడి మాని మెకానిక్ షెడ్డుకు వెళ్లిన పిల్లవానిది సోమరితనం కాదు. పదవ తరగతి ముగియకముందే పెళ్లి మాట విన్న ఆడపిల్ల మార్కులు తగ్గితే, ఆ తగ్గుదలకు మూలం పుస్తకంలో ఉండదు.

6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లో తేల్చింది. బడి మానేయడం ఒక్కరోజులో జరగదు. అంతకు ముందు గైరుహాజరు, మౌనం, కోపం కనిపిస్తాయి. వాటిని గుర్తించడమే కౌన్సిలర్ తొలి పని.

ఈ సిద్ధాంతాలను వేదవాక్యాలుగా తీసుకోమని మేము అనడం లేదు. అవి చాలావరకు పాశ్చాత్య సమాజాలను చూసి కట్టినవి. అక్కడ యువకుడు తన దారి తాను ఎంచుకోవడమే ఎదుగుదల. మన ఇళ్లలో అమ్మీ, అబ్బా, నానీల మాట కూడా ఆ ఎదుగుదలలో భాగం. కుటుంబాన్ని అడ్డంకిగా కాక తోడుగా చూడగల కౌన్సిలరే మనకు కావాలి.

కనుక ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు: కౌన్సిలర్ల శిక్షణలో వికాస శాస్త్రానికి తగిన చోటు, ఉర్దూ మాట్లాడే పిల్లలున్న చోట ఉర్దూ తెలిసిన కౌన్సిలర్, సొంతంగా నియమించుకోలేని చిన్న బడులకు మండలానికి ఒకరైనా నిపుణుడు.

మన బాధ్యత కూడా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ స్థానాలకు మన తల్లులు ముందుకు రావాలి. మసీదు కమిటీలు చందాల లెక్కతో పాటు బడి మానిన పిల్లల లెక్క కూడా రాయాలి. పిల్లవాడు బడికి రాని మూడవ రోజునే ఎవరైనా వాని ఇంటి తలుపు తడితే, సచార్ లెక్కలో మరొకరు చేరకుండా ఆపగలుగుతాము.