నింగికి పంపే కన్ను మనమే తయారు చేయాలి

ఎక్స్‌రే అనగానే ఎముక విరిగినప్పుడు అమలాపురం ఏరియా ఆస్పత్రిలో తీసే నల్లటి ఫిల్మే మనకు గుర్తొస్తుంది. ఆకాశంలోని నక్షత్రాల నుంచి కూడా ఎక్స్‌కిరణాలు వస్తాయి. కానీ భూమి చుట్టూ ఉన్న గాలి వాటిని కిందికి రానివ్వదు. వాటిని చూడాలంటే కెమెరాను రాకెట్‌లో పైకి పంపాల్సిందే. ఆ కెమెరాల గురించి, వాటి తయారీలో మన హాస్టల్ విద్యార్థులకు ఉండవలసిన చోటు గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాము.

2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఇస్రో ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని పంపింది. అయిదేళ్లు పనిచేస్తే చాలనుకున్న ఆ ఉపగ్రహం 2025లో పదేళ్లు పూర్తి చేసుకుంది. అందులో గ్యాస్ నింపిన పెద్ద పెట్టెలు మూడు ఉన్నాయి. ఒకదానిలో గ్యాస్ కారిపోవడంతో 2018లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అదే ఉపగ్రహంలో కాడ్మియం జింక్ టెల్యురైడ్ అనే అర్ధవాహక స్ఫటికపు పలకలు 64 ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 4 సెంటీమీటర్ల చదరం, అర సెంటీమీటరు మందం. ఒక్కో పలకకు 256 గళ్లు, మొత్తం 16,384. గ్యాస్ అక్కర్లేదు, కారిపోయే భయమూ లేదు.

ఇది పని చేసే తీరు అర్థం కావడానికి హైస్కూలు సైన్సు చాలు. ఎక్స్‌కిరణం స్ఫటికాన్ని తాకగానే అందులోని ఎలక్ట్రాన్లు విడిపోతాయి. కిరణానికి శక్తి ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ ఎలక్ట్రాన్లు. సిలికాన్‌లో ఒక్క ఎలక్ట్రాన్‌ను విడదీయడానికి సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంటే 6,000 ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం 1,600కు పైగా ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. వాటిని లెక్కిస్తే కిరణం శక్తి తెలుస్తుంది. పైన రంధ్రాలున్న టాంటాలం రేకు పెట్టి, దాని నీడ ఏ గళ్లపై పడిందో చూసి నక్షత్రం ఏ దిక్కున ఉందో కనుక్కుంటారు. సెకనుకు సుమారు 30 సార్లు తిరిగే క్రాబ్ పల్సర్ అనే నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్‌కిరణాల గురించి కొత్త సంగతులను ఈ పలకలతోనే మన శాస్త్రవేత్తలు 2017లో ప్రపంచానికి తెలిపారు.

గర్వపడవలసిన విషయమే. కానీ ఆ పలకలు మనం తయారు చేసినవి కావు, ఇజ్రాయెల్ కంపెనీ నుంచి కొన్నవి. ఆస్ట్రోశాట్‌లోని మరో ఎక్స్‌రే టెలిస్కోపుకు కెమెరా బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. కొన్నందుకు మేము తప్పు పట్టడం లేదు. కొనకపోతే ఆ ఫలితాలే వచ్చేవి కావు. అయితే ఎప్పటికీ కొంటూనే ఉండాలా? అంబాజీపేటలో కాయ అమ్మే రైతుకు ఎంత మిగులుతుందో, ఆ కాయను సరుకుగా మార్చి అమ్మేవాడికి ఎంత మిగులుతుందో మన కోనసీమ వాళ్లకు ఒకరు చెప్పాలా? విజ్ఞానంలోనూ అంతే. పనితనం ఎవరి చేతిలో ఉంటే ఫలం వారిదే.

"చదువుకే ఇబ్బంది పడే మనకు నక్షత్రాలతో పనేమిటి?" అని కొందరు అడుగుతారు. గుండె జబ్బులను కనిపెట్టే స్కానింగ్ యంత్రాల్లోనూ ఇదే రకం స్ఫటికం వాడుతున్నారు. దాన్ని మనం చేయగలిగిన రోజున లాభం పేదవాడి వైద్యానికీ అందుతుంది. పైగా ఇది పెద్ద దేశాలు, పెద్ద ఉపగ్రహాలకే పరిమితమైన పనీ కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం సిలికాన్ డిటెక్టర్లతో చేసిన హాలోశాట్ బరువు 12 కిలోలే. 2018లో అంతరిక్షంలోకి వదిలారు. ఒక విశ్వవిద్యాలయం ఆ పని చేయగా, కాకినాడ, విశాఖల్లోని మన విశ్వవిద్యాలయాలు ఎందుకు ప్రయత్నించకూడదు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పది పాసవగానే లెక్కలు, ఫిజిక్సు అంటే భయపడి వదిలేయకండి. ఇస్రోలో శాస్త్రవేత్తలే కాదు, ఐటీఐ చదివిన టెక్నీషియన్లు, డిప్లమా చదివిన టెక్నికల్ అసిస్టెంట్లు కూడా పనిచేస్తారు. తొమ్మిదో తరగతి వారి కోసం ఇస్రో 2019లో యువిక అనే శిక్షణ కార్యక్రమం ప్రారంభించింది. ఎంపికలో పల్లెటూరి బడి పిల్లలకు అదనపు మార్కులున్నాయి, ఖర్చులు ఇస్రోవే. ప్రకటన వచ్చినప్పుడు మన హాస్టల్ నుంచి ఒక్క దరఖాస్తూ వెళ్లకపోతే ఆ లోటు మనది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు, వార్డెన్ గారికి ఒక మనవి. రాకెట్ ప్రయోగాలు చూడడానికి శ్రీహరికోటలో 2019 నుంచి ప్రజలకు గ్యాలరీ ఉంది. ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్లండి. యువిక దరఖాస్తులు నింపే బాధ్యత మీలో ఒకరు తీసుకోండి. లంక గ్రామం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్ల రేపు ఆ స్ఫటికాన్ని తయారు చేసే గదిలో నిలబడాలని మేము మనసారా కోరుకుంటున్నాము.