శివారు చేలకు తొలి వంతు

గోదావరి త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు మహానది గదా, మనకు నీటి కేమి కొదువ యని పలువురు రైతుల తలంపు. శ్రావణ భాద్రపదములలో నది నిజమే. దాళ్వానాటి మాట వేఱు. అప్పుడు నది సన్నగిలును. శబరి గుండ వచ్చు సీలేరు నీరే డెల్టాకు పెద్ద యాధారము. ధవళేశ్వరమున 1852లో కాటనుదొర ముగించిన యానకట్టయు, దాని స్థానమున 1982లో వెలసిన బ్యారేజియు నదిలో లేని నీటిని పుట్టింపలేవు.

అట్టి తరుణమున కాలువ మొదటనున్నవారు రాత్రివేళ గట్లు తెగగొట్టి మడులను చెఱువులు చేయుదురు. శివారున పొట్టమీదనున్న పైరు ఎండిపోవును. లస్కరును తిట్టుట సులభము! పైరు దుబ్బు చేయునప్పుడు మడిలో రెండంగుళముల నీరు చాలును. వెన్ను తీయువేళ మాత్రము తడి తప్పరాదు. కావున ప్రతి సంఘమును నాట్లకు ముందే వంతులు వ్రాసికొని, తొలి వంతు శివారు చేలకే యీయవలెనని మా యభిప్రాయము. మొదటివారికిది రుచింపదని యెఱిగియే వ్రాయుచున్నాము.