ఒక డబ్బా, రెండు డిస్కులు

పాత కంప్యూటర్లో విండోస్ పక్కన లినక్స్ కూడా వేసుకోవాలనుకునేవాళ్ళకి నా మాట ఒక్కటే. ఉన్న డిస్కుని ముక్కలు చెయ్యకండి. ఇంకో డిస్కు కొనండి.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా, అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కి చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు లాప్‌టాప్ మీద నా ప్రతాపం చూపించాను. "నేను చూసుకుంటాలే అన్నయ్యా" అని విండోస్ పార్టిషన్‌ని కుదించడం మొదలెట్టా. బాటరీ ఎప్పుడో చచ్చింది, నడిచేది చార్జర్ మీదే. సగంలో కరెంటు పోయింది. రెండేళ్ళ నోట్సు దానితోపాటే పోయింది. అన్నయ్య ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకెళ్ళి చేత్తో మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు తిట్టినా బావుండేది.

మొన్న అదే గల్లీలో డీటీపీ, జిరాక్స్ షాపు నడిపే అన్న పిలిచాడు. "తమ్మీ, ఈ డబ్బా ఇగ పనికి రాదంటున్నరు. కొత్తది కొనాల్నా?" అని. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే. అన్నది ఆరో తరం ఐ3. విండోస్ 11 వాళ్ళు అడిగేది, ఒకటీ అరా మినహాయిస్తే, ఎనిమిదో తరం నుంచి.

లినక్స్ అభిమానులు (నేనూ ఒకణ్ణే లెండి) వెంటనే ఇచ్చే సలహా: విండోస్ పీకి పారెయ్. ఆ షాపులో ఒక్క పూట కూర్చుంటే ఆ మాట రాదు. అన్న బతుకంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అయినా నారాయణగూడ ప్రెస్ ఆయన దగ్గర తీసుకునేది ఆ ఫైళ్ళే. వైన్‌లో నడిపించొచ్చుగా అంటారు. పెళ్ళికార్డులో పెళ్ళికొడుకు పేరుకి వత్తు ఊడితే ఆ వైన్ రాసినవాళ్ళొచ్చి సమాధానం చెప్తారా?

అలాగని దాన్నే వాడుతూ ఉండమనీ అనలేం. నోటిఫికేషన్ పడితే పిల్లలు ఆ కంప్యూటర్లోనే అప్లికేషన్లు నింపుతారు. ఆధార్లు, సర్టిఫికెట్లు, బ్యాంకు కార్డు నంబర్లు అన్నీ అందులోంచే వెళ్తాయి. పైగా ఊరందరి పెన్‌డ్రైవులూ దానికే గుచ్చుతారు. పోతే అన్న సొమ్ము కాదు, ఆ పిల్లలది.

అందుకే సికింద్రాబాద్ సీటీసీలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనిపించాను. చేసిన పనిలో ముఖ్యమైనది ఇదొక్కటే: ఇన్‌స్టాల్ చేసేముందు విండోస్ డిస్కు కేబుల్ పీకేశాను. ఎందుకంటే లినక్స్ మనం చూపించిన డిస్కులోకే వెళ్ళినా, కొన్ని ఇన్‌స్టాలర్లు బూట్‌లోడర్‌ని మాత్రం మొదటి డిస్కులో పెట్టేస్తాయి. అప్పుడు డిస్కులు రెండున్నా తాళంచెవి ఒకటే అయినట్టు. పీకేసి వేస్తే దేని బూట్‌లోడర్ దానిది. ఒకటి చచ్చినా రెండోది లేస్తుంది. ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 కొట్టి ఏది కావాలో ఎంచుకోవడమే (కొన్ని బోర్డుల్లో ఎఫ్11, ఎఫ్8).

రెండు డిస్కులుంటే ఇక భయమే లేదని మాత్రం అనను. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న చాలా మెషీన్లలో లినక్స్‌ని లేవకుండా చేసింది. అది మార్చింది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మెమరీలో. అక్కడ వేరే డిస్కు పెట్టినా లాభం లేదు.

చిన్న తలనొప్పులు రెండు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి, లేకపోతే లినక్స్ నుంచి ఆ డిస్కు మీద ఏమీ రాయలేం. ఇక గడియారం. లినక్స్ మదర్‌బోర్డులో గ్రీనిచ్ టైము పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. మర్నాడు పొద్దున పదింటికి షాపు తెరిస్తే విండోస్‌లో నాలుగున్నర! ఒక్క కమాండ్‌తో సర్దుకుందనుకోండి.

ప్రింటర్ మాత్రం ఒక సాయంత్రం మొత్తం తినేసింది.

ఇప్పుడు పొద్దున పూట నెట్ కేబుల్ పీకేసి విండోస్‌లో పేజ్‌మేకర్ పని. మధ్యాహ్నం నుంచి అప్లికేషన్లు, పెన్‌డ్రైవులు లినక్స్‌లో. మధ్యలో ఎవరైనా విజిటింగ్ కార్డు అర్జెంటని వస్తే, "రేపు పొద్దున రా తమ్మీ, అది వేరే డిస్కుల ఉంది" అంటున్నాడట :)